గుజ్జు ముద్దలో గుండె మాట

మన ముచ్చట కాగితపు గుజ్జు గురించి. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో దంచి, బోర్లించిన గిన్నె మీద మెత్తి బుట్టలు చేసుకున్న ఆడవాళ్ళు మన ఊళ్ళలో చాలామంది. వెదురు చాటల సందులు పూడ్చడానికీ ఆ గుజ్జే పూసేవారు. మెంతుల జిగట పట్టు ఇస్తుంది, ఆ చేదుకు పురుగు అంత తొందరగా చేరదు. ఇదంతా మీలో చాలామందికి తెలిసిందే. నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతి మాట. బుట్ట చేసిన ఆ గుజ్జుతోనే మనసులోని దుఃఖాన్నీ, ఎదురుచూపునీ, సంతోషాన్నీ మలచవచ్చు. అలా మలచిన బొమ్మను కళ్ళతో చూడటమే కాదు, చేత్తో తడిమి కూడా తెలుసుకోవచ్చు.

శిల్పం అనగానే మనకు రాయి, ఉలి, సుత్తి గుర్తొస్తాయి. కంచుకు కొలిమి కావాలి. మట్టిబొమ్మ నిలవాలంటే బట్టీలో కాలాలి. ఇవన్నీ ఇంట్లో, అందులోనూ రెండు గదుల అద్దె వాటాలో, కుదిరే పనులు కావు. కాగితపు గుజ్జుకు ఒక బకెట్టు, పల్చటి గుడ్డ, నాలుగు రోజుల గాలి చాలు. వంటయ్యాక పెరట్లోనో బాల్కనీలోనో ఒక పీట వేసుకుని కూర్చోవచ్చు. సగంలో పిల్లలు పిలిస్తే తడిగుడ్డ కప్పి లేవవచ్చు. తిరిగొచ్చేసరికి పని మన కోసం ఆగే ఉంటుంది. మన రోజుల తీరుకు ఇంతకన్నా అనువైన శిల్పసామగ్రి నాకు కనిపించలేదు.

ఇంకో సుగుణం ఉంది. అన్నిటికన్నా నాకు నచ్చింది అదే. గుజ్జు వేలిముద్రను దాచిపెట్టుకుంటుంది. మీరు గట్టిగా నొక్కితే గట్టిగా, మెల్లగా నిమిరితే మెల్లగా, ఎలా తాకారో అలాగే ఆరిపోతుంది.

గాయాన్ని గుజ్జులో చూపిన పెద్దమనిషి

ఈ గుజ్జు ఎంత లోతైన మాట చెప్పగలదో తెలియాలంటే సోమనాథ్ హోర్ గురించి చెప్పుకోవాలి. 1921లో చిట్టగాంగ్ ప్రాంతంలో పుట్టారాయన. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బాంబుదాడికి గురైన పల్లెను కళ్ళారా చూశారు. 1943లో బెంగాల్ కరవులో లక్షలమంది ఆకలితో ప్రాణాలు వదులుతుంటే, చిత్తప్రసాద్ అనే చిత్రకారుడి తోడుతో ఆ మనుషుల బొమ్మలు గీశారు. ఎండిన డొక్కలు, ఒడిలో బిడ్డతో కూలబడ్డ తల్లులు. యువకుడిగా చూసిన ఆ దృశ్యాలు ఆయనను జీవితాంతం వదల్లేదు.

తర్వాత శాంతినికేతన్‌లోని కళాభవన్‌లో అచ్చుబొమ్మల విభాగాన్ని నడిపించారు. అక్కడ 1970ల్లో ‘గాయాలు’ అనే వరుస చేశారు. మెత్తని పలకను తీసుకుని దాన్ని కత్తితో కోసేవారు, పొడిచేవారు, కాలిన కడ్డీతో గాట్లు పెట్టేవారు. దాని నుంచి సిమెంటు అచ్చు తీసి, ఆ అచ్చు మీద తడి కాగితపు గుజ్జు పరిచి ఒత్తేవారు. ఆరాక ఊడదీస్తే తెల్లటి కాగితం మీద చీలికలు, గుంటలు, ఉబ్బులు తేలేవి. అందులో మనిషి ముఖం ఉండదు, కన్నీరు ఉండదు. తెలుపు మీద తెలుపే. కొన్నిట్లో మాత్రం సన్నటి ఎరుపు జీర.

ఆ కాగితం మీద వెలుగు పక్కనుంచి పడాలి. అప్పుడు గాటు అంచున నీడ నిలుస్తుంది, లోతు తెలుస్తుంది. చూస్తున్నవాళ్ళకు తమ ఒంటి మీద పాత దెబ్బ ఏదో సలిపినట్టవుతుంది. కరవునూ యుద్ధాన్నీ చూసినాయన చివరికి కాగితం మీద ఒక్క గాటుతో అంతా చెప్పగలిగారు. 2006లో శాంతినికేతన్‌లోనే కన్నుమూశారు. ఆ మరుసటి ఏడు పద్మభూషణ్ ప్రకటించారు.

ఆయన పని నుంచి మనం నేర్చుకోవలసింది ఒకటుంది. భావం అంటే ఏడుపు ముఖమో నవ్వు ముఖమో చెక్కడం కాదు. ఆ పదార్థాన్ని మనం ఏం చేశామన్నదే భావం. కోశామా, కప్పామా, పిసికామా, హత్తుకున్నామా అన్నది చూసేవాళ్ళకు తెలిసిపోతుంది.

కాగితాన్ని చర్మంగా చూసిన జరీనా

రెండో పేరు మనలాంటి ఒక ఆడమనిషిది. జరీనా హష్మీ 1937లో అలీగఢ్‌లో పుట్టారు, గణితం చదువుకున్నారు. భర్త ఉద్యోగం వెంట దేశదేశాలు తిరిగారు. ప్యారిస్‌లో అటెలియే 17 అనే ప్రసిద్ధ అచ్చుబొమ్మల కార్యశాలలో పని నేర్చుకున్నారు. ఆ కార్యశాలను నడిపించినవారిలో ఒకరు మన చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి. ఆయన మొదట శిల్పి కావడంతో, అచ్చు వేసే లోహపు పలకను కూడా శిల్పంలాగే ఎత్తుపల్లాలతో చెక్కేవారు.

జరీనా తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి, అక్కడ మహిళల కోసం నడిచిన ఫెమినిస్ట్ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో కాగితం తయారీ నేర్పారు. 1980ల్లో గుజ్జును అచ్చుల్లో పోసి, అందులోనే మట్టి రంగులు కలిపి, మందపాటి శిల్పాలు చేశారు. మెట్ల వరుసలు, విత్తనాలు, ఇంటి ఆకారాలు గుర్తుకొచ్చే సాదా రూపాలవి. కాగితం ఆవిడకు ఒంటి చర్మంతో సమానం. దాన్ని గీకవచ్చు, గుచ్చవచ్చు, మలచవచ్చు. దానికి వయసు కూడా వస్తుంది.

ఆవిడ పుట్టింటివాళ్ళు దేశ విభజన తర్వాత కొన్నేళ్ళకు పాకిస్తాన్ వెళ్ళిపోయారు. అక్క రాణి కరాచీలో ఉండిపోయారు. అమ్మానాన్నల మరణం గురించీ, ఇల్లు అమ్మేయడం గురించీ చెల్లెలికి ఉర్దూలో ఉత్తరాలు రాసి కూడా పంపకుండా దాచుకున్నారు. అవి చేతికొచ్చాక జరీనా వాటి మీద ఇళ్ళ పటాలు, ఊళ్ళ పటాలు అచ్చువేసి 2004లో ‘ఇంటినుంచి ఉత్తరాలు’ అనే వరుసగా చేశారు. అది గుజ్జు పని కాదు, చెక్కతో, లోహంతో వేసిన అచ్చు పని. అయినా ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. పెళ్ళయ్యో, చదువుకో, ఉద్యోగానికో ఊరు దాటిన మనందరికీ పుట్టిల్లు ఒక కాగితంలో మిగిలి ఉంటుంది. ఉత్తరం, లెక్కల పుస్తకం, శుభలేఖ, ఏదో ఒకటి. ఆ కాగితం మన చేతిపనిలోకి రావచ్చని జరీనా చూపించారు.

ఇక బీహార్‌లోని మధుబని ప్రాంతంలో కాగితపు గుజ్జుతో గిన్నెలు, బొమ్మలు చేయడం ఇంటి ఆడవాళ్ళ పని. పెద్దవాళ్ళు చేస్తుంటే చూసి నేర్చుకున్న సుభద్రాదేవికి 2023లో పద్మశ్రీ వచ్చింది. అప్పటికి ఆవిడ ఎనభై దాటిన అవ్వ. మన అమ్మమ్మలు చేసిన పని ఎంత పెద్దదో చెప్పడానికి ఆ ఒక్క గౌరవం చాలు.

గుజ్జు కలిపే తీరు

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ముందు కాగితం సంగతి. న్యూస్‌పేపరు సులువుగా నానుతుంది కానీ దాని పీచు పొట్టిది, అందులో కొయ్యలో ఉండే లిగ్నిన్ అలాగే ఉంటుంది. అందుకే కొన్నాళ్ళకు పసుపు తిరిగి పెళుసవుతుంది. నేర్చుకోవడానికి సరిపోతుంది. కలకాలం ఉంచుకోవాలనుకున్న బొమ్మకు పాత నోటుపుస్తకాలు, జిరాక్సు కాగితాలు మేలు. అన్నిటికన్నా మేలు పత్తి పీచు. బనియన్ల కంపెనీల నుంచి వచ్చే నూలు గుడ్డ ముక్కలతో చేతి కాగితం తయారుచేసేవాళ్ళు జైపూర్ పక్కనున్న సాంగనేర్‌లో తరతరాలుగా ఉన్నారు. పుదుచ్చేరి అరవిందాశ్రమం వాళ్ళ చేతి కాగితం కర్మాగారం 1959 నుంచి ఉంది. అలాంటి నూలు కాగితపు ముక్కలు దొరికితే వదలకండి. మెరిసే శుభలేఖలు, రంగుల మ్యాగజైన్ కాగితం, ప్లాస్టిక్ పూత ఉన్న కప్పులు మాత్రం పనికిరావు, సరిగ్గా నానవు. గుడ్లు పెట్టే అట్టలు గరుకు బొమ్మలకు చాలా బాగుంటాయి.

కాగితాన్ని కత్తిరించకండి, చింపండి. చింపితే పీచు అంచున తెరుచుకుంటుంది. రాత్రంతా నీళ్ళలో నాననివ్వండి. అట్టలైతే కాసేపు ఉడికిస్తే ఇంకా మంచిది. మిక్సీలో ఎక్కువ నీళ్ళు, కొద్దిగా కాగితం వేసి ఆపి ఆపి తిప్పండి. వంటకు వాడే జారు దీనికి వాడకండి, పాతది ఒకటి వేరుగా పెట్టుకోండి. మరీ మెత్తగా తిప్పేస్తే పీచు ముక్కలై బలం పోతుంది. పల్చటి గుడ్డలో వేసి పిండాక గారెల పిండి గట్టిదనం ఉండాలి. పిండిన నీళ్ళు సింకులో పోయకండి, గొట్టం పూడుకుపోతుంది. మొక్కలకు పోయండి.

ఇక్కడ ఒక చిన్న శాస్త్రం తెలుసుకుంటే పని తేలికవుతుంది. కాగితమంటే మొక్కల పీచే. నీళ్ళలో విడిపోయిన పీచులు నీరు ఆరుతున్నకొద్దీ దగ్గరకు జరిగి, హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. అందుకే మంచి నూలు గుజ్జు జిగురు లేకుండానే గట్టిపడుతుంది. ఆ దగ్గరకు జరగడం వల్లే ఆరేటప్పుడు బొమ్మ కుంచించుకుపోతుంది. ఎంత ఎక్కువ దంచితే అంత ఎక్కువ కుంచించుకుంటుంది. కొద్దిగా సుద్దపొడి కలిపితే ఆ లాగుడు తగ్గుతుంది, తెలుపూ వస్తుంది.

ఇంటి కాగితాలతో చేసే గుజ్జుకు జిగురు కావాలి. మన మెంతులు ఉండనే ఉన్నాయి. నానబెట్టి రుబ్బితే వచ్చే జిగట చాలా బాగా పనిచేస్తుంది, కాకపోతే గుజ్జుకు లేత పసుపు వన్నె వస్తుంది. చేర్యాల నకాషీ కళాకారులు ముఖతొడుగులకు రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలుపుతారు. కొండపల్లిలో బొమ్మల చేతులూ కాళ్ళూ అతకడానికి వాడే మక్కు కూడా రంపపు పొట్టూ చింతగింజల పిండీ కలిసిందే. కశ్మీరులో కాగితపు గుజ్జుకు బియ్యపు జావ కలుపుతారు. ఎవరి వంటింట్లో ఏది ఉంటే అదే వాళ్ళకు జిగురైంది. మీరు మైదా ఉడికించి వాడుకోవచ్చు. అందులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు ఒకటుంది. చేతులతో పిసికే పనికి, పిల్లలున్న ఇంటికి అది వద్దు, విషం. నాలుగు చుక్కల లవంగ నూనె వేసుకోండి.

పొర మీద పొర

లోపల ఊతం లేకపోతే నిలువు బొమ్మ ఒరిగిపోతుంది. ఇనుప తీగ పెడితే తుప్పు బయటకు దిగి మరక అవుతుంది. వెదురు పుల్లలు, అల్యూమినియం తీగ, లేదా న్యూస్‌పేపరును మెలితిప్పి దారంతో కట్టిన కడ్డీ వాడండి. దాని మీద గుజ్జును పల్చటి పొరగా మెత్తండి. ఒక్కసారే మందంగా పెడితే పైన ఆరి లోపల తడి నిలుస్తుంది, బూజు పడుతుంది, వాసన వస్తుంది. ఒక పొర సగం ఆరాక రెండో పొర. మందపు బొమ్మ కావాలంటే లోపల కాగితపు ఉండ పెట్టి బోలుగా చేయండి.

ఆరబెట్టడంలో తొందర పనికిరాదు. మండుటెండలో పెడితే ఒకవైపు ముందు ఆరి వంకర తిరుగుతుంది. గాలాడే నీడలో పెట్టి పూటపూటకూ తిప్పండి. ముసురు రోజుల్లో ఫ్యాను కింద పెట్టండి, లేదా పెద్ద పని ఎండలొచ్చేదాకా ఆపండి. మిగిలిన గుజ్జును పిండి ఉండలు చేసి ఎండబెడితే ఎన్నాళ్ళైనా నిలవ ఉంటుంది. మళ్ళీ నానబెట్టుకోవచ్చు.

నిలువు బొమ్మ కష్టమనిపిస్తే పలక బొమ్మతో మొదలుపెట్టండి. తడి బంకమట్టిని పళ్ళెంలో పరిచి, దాని మీద వేళ్ళతో, పుల్లతో, గవ్వతో మీకు తోచిన గుంటలు చేయండి. పైన గుజ్జు పరిచి, స్పాంజితో నొక్కుతూ నీరు తీసేయండి. పూర్తిగా ఆరాక మట్టి నుంచి విడదీయండి. మీరు గుంట చేసిన చోట ఉబ్బు, ఉబ్బు చేసిన చోట గుంట వస్తుంది. మట్టి కాస్త అంటుకున్నా తుడిచేయనక్కరలేదు, అదీ ఒక రంగే.

భావం పలికే చోటు

“అక్కా, ఇదంతా చేస్తాం. కానీ భావం ఎలా వస్తుంది? మాకు బొమ్మలు గీయడమే రాదు” అని చాలామంది అడుగుతుంటారు. గీయడం రానక్కరలేదమ్మా. ఒక పిడికెడు గుజ్జు తీసుకోండి. కళ్ళు మూసుకుని, మీకు బాగా కోపం తెప్పించిన మాట ఒకటి తలచుకుని పిడికిలి బిగించండి. చెయ్యి తెరిచి దాన్ని అలాగే ఆరబెట్టండి. ఇంకో పిడికెడు తీసుకుని, చంటిబిడ్డ చెయ్యి పట్టుకున్నప్పటి మెత్తదనంతో మూయండి. అదీ ఆరబెట్టండి. రెండూ పక్కపక్కన పెట్టి ఎవరికైనా కళ్ళు మూసుకుని తడమమనండి. ఏది ఏదో వాళ్ళే చెబుతారు. మీ మొదటి శిల్పాలు అవే.

తర్వాత మనిషి దగ్గరికి వద్దాం. ముఖం జోలికి ఇప్పుడే పోకండి. మన మనసు ముందుగా వీపులో, మెడలో, భుజాల్లో కనిపిస్తుంది. బస్సు కోసం ఎదురుచూసే ఆడమనిషి మెడ ముందుకు సాగి ఉంటుంది. రోజంతా నాట్లు వేసి ఇంటికొచ్చిన ఆవిడ నడుము నిటారుగా నిలబడినా పూర్తిగా నిటారు కాదు. కొడుకు పరదేశం వెళ్ళిన ఇంట్లో తల్లి ఒళ్ళో చేతులు ఒకదానిలో ఒకటి ఊరికే పడి ఉంటాయి. ఆ ఒక్క వంపు దొరికితే బొమ్మకు కళ్ళూ ముక్కూ లేకపోయినా చూసేవాళ్ళు ఫలానా ఆవిడ అని గుర్తుపడతారు.

బరువు ఎక్కడ పెట్టారన్నది కూడా మాట్లాడుతుంది. దుఃఖంలో బరువు కిందికి దిగుతుంది. కాబట్టి బొమ్మ అడుగు భాగం వెడల్పుగా, నేలకు అతుక్కుని ఉండాలి. సంతోషంలో గుండె ఎత్తుకు లేస్తుంది, పాదం ఆనీ ఆననట్టు ఉంటుంది. భయంలో మనిషి తనలోకి తాను ముడుచుకుంటుంది. అప్పుడు లోపల ఒక గుహ మిగల్చండి, ఆ గుహలో వేలు పెడితే తడిమేవాళ్ళకు భయం తెలుస్తుంది.

గరుకు, నునుపు సంగతి మరవకండి. స్పాంజితో నొక్కితే తలం మూసుకుపోయి నున్నగా అవుతుంది. వేళ్ళతో చిదిమితే పీచు లేస్తుంది. గోనెగుడ్డ అదిమితే అడ్డాలూ నిలువులూ పడతాయి. పాత చీర జరీ అంచు తడి గుజ్జు మీద పెట్టి నొక్కి తీయండి. ఆ అంచు కట్టుకున్న మనిషి చేతికి అందినట్టే ఉంటుంది. ఒకే బొమ్మలో ఒకవైపు నునుపు, ఒకవైపు గరుకు ఉంచితే తాకే వేలికి ఒక ప్రయాణం దొరుకుతుంది.

బొమ్మ ఆరేటప్పుడు పగుళ్ళు వస్తే కంగారుపడి పూడ్చేయకండి. ఏ పగులు బొమ్మను బలహీనం చేస్తుందో దాన్ని మాత్రమే పూడ్చండి. ముసలమ్మ చెంప మీదో, ఎండిన చెరువు మీదో వచ్చిన పగులు మీ పనికి సాయమే చేస్తుంది. హోర్ కావాలని కోసి చూపించిన దాన్ని మీ గుజ్జు తానే ఇచ్చిందనుకోండి.

నాకు తెలిసిన ఒకావిడ తన తల్లి రాసుకున్న పాల లెక్కల పుస్తకాన్ని గుజ్జు చేసింది. ముందు ప్రతి పేజీకీ ఫోటో తీసి దాచుకుంది, అది అందరూ చేయవలసిన పని. కొన్ని అంకెల ముక్కల్ని మాత్రం రుబ్బకుండా ఉంచి, పై పొరలో అక్కడక్కడా అతికింది. ఆ గుజ్జుతో తల్లి చేతులు రెండూ చేసింది. దగ్గరగా చూస్తే మణికట్టు దగ్గర “అర సేరు” కనిపిస్తుంది. ఆ చేతుల్ని పట్టుకుంటే తేలిగ్గా, వెచ్చగా ఉంటాయి. కాగితం రాయిలా చల్లగా తగలదు, మన చేతి వేడిని త్వరగా పుచ్చుకుంటుంది. తల్లి చేయి చేయడానికి అంతకన్నా తగిన పదార్థం ఇంకేముంటుంది?

రంగు వేయాలా?

పైన రంగు పూస్తే వేలిముద్రలు, పీచు అన్నీ దాని కింద పోతాయి. అందుకే రంగును గుజ్జులోనే కలపమంటాను. జేగురు, ఎర్రమట్టి, దీపపు మసి, నీలిమందు, ఇవన్నీ చక్కగా కలుస్తాయి. మట్టి రంగులు ఎండకు వెలిసిపోవు. పసుపు చూడటానికి ఎంత అందంగా ఉన్నా వెలుగుకు తొందరగా వెలిసిపోతుంది, నిలవ బొమ్మకు వద్దు. తడిగా ఉన్నప్పుడు రంగు ముదురుగా కనిపిస్తుంది, ఆరితే చాలా లేతబడుతుంది. ముందు చిన్న ఉండ ఆరబెట్టి చూసుకోండి. తెలుపును తెలుపుగా వదిలేయడానికి కూడా భయపడకండి. పక్కనుంచి వెలుగు పడే కిటికీ దగ్గర పెట్టండి, మిగతా పని నీడ చేస్తుంది.

వార్నిషు పూసి మెరిపించడం మన దగ్గర ఎక్కువ. మెరుపు వస్తే కాగితం ప్లాస్టిక్‌లా అనిపిస్తుంది, తాకినప్పుడు వెచ్చదనం పోతుంది. నలుగురూ తాకే బొమ్మ అనుకుంటే పల్చటి జిగురు నీళ్ళు ఒకసారి పూసి ఆరనివ్వండి. తలం కాస్త గట్టిపడుతుంది, పీచు రాలదు, మెరవదు.

తాకనివ్వండి

మ్యూజియంలో శిల్పాల దగ్గర “తాకరాదు” అని బోర్డు ఉంటుంది. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి, వందల ఏళ్ళ రాయిని కాపాడాలి కదా. మన ఇంటి బొమ్మకు ఆ బోర్డు అక్కరలేదు. చూపు లేని పిల్లలకు, చూపు తగ్గిన పెద్దవాళ్ళకు శిల్పం అందాలంటే చేతికే అందాలి. గుజ్జు బొమ్మ తేలికగా ఉంటుంది, ఒళ్ళో పెట్టుకోవచ్చు. కిందపడినా చాలావరకు పగలదు, పగిలినా తడిపి అతికించవచ్చు. గుజ్జును నమ్ముకున్న కళాకారులు ఇప్పుడూ ఉన్నారు. బెంగళూరు కళాకారుడు రవికుమార్ కాశీ కొరియా వెళ్ళి హాంజీ అనే చేతి కాగితం పని నేర్చుకుని వచ్చి, గుజ్జునే తన మాధ్యమంగా చేసుకున్నారు. ఇంత దగ్గర్లో ఇలాంటి పని జరుగుతుంటే మన పిల్లలకు బళ్ళో రంగు పెన్సిళ్ళతోనే కళ ఆగిపోవడం నాకు బాధగా ఉంటుంది. ఏ బడిలోనైనా చిత్తుకాగితాలకు కొదవ లేదు. డ్రాయింగ్ మాస్టారు ఒక బకెట్టు, ఒక గుడ్డ తెప్పిస్తే చాలు.

మాటలు రాని దుఃఖం ఉన్నవాళ్ళకు ఈ పని ఎంత ఊరటనిస్తుందో నేను చూశాను. పిసకడంలో చెయ్యి అలిసి మనసు కుదుటపడుతుంది. ఇది వైద్యం అని చెప్పను. దిగులు మరీ ఎక్కువై నిద్రా తిండీ పోయినవాళ్ళు తప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కానీ రోజూ మోసే చిన్న చిన్న బరువుల్ని దింపుకోవడానికి మన ఆడవాళ్ళకు చోటు తక్కువ. ఒక ముద్ద గుజ్జు ఆ చోటు ఇస్తుంది, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కరలేకుండా.

ఒక్క మాట గట్టిగా చెబుతాను, వినండి. మీరు చేసిన మొదటి బొమ్మను ఎగ్జిబిషన్ బొమ్మతో పోల్చకండి. “నున్నగా రాలేదు” అని పక్కన పడేయకండి. నున్నగా ఉన్నవి బజారులో బోలెడు దొరుకుతాయి, వాటిలో ఎవరి వేళ్ళూ కనిపించవు. అమ్మాలనీ, ఫోన్‌లో పెట్టి మెప్పు పొందాలనీ కూడా మొదట్లో అనుకోవద్దు. ఆ ఆలోచన వచ్చిందంటే చెయ్యి జాగ్రత్తపడుతుంది, జాగ్రత్తపడిన చెయ్యి నిజం చెప్పడానికి వెనకాడుతుంది. ముందు మీ కోసం చేయండి. చెయ్యి కుదిరాక అమ్మడం, చూపించడం ఎప్పుడైనా ఉంటాయి.

ఈ ఆదివారం పాత నోటుపుస్తకం ఒకటి చింపి నానబెట్టండి. చెల్లినో, కోడలినో, పక్కింటి అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకోండి. చేసిన బొమ్మ కింద మీ పేరూ తేదీ రాయండి, ఇంటికి వచ్చినవాళ్ళ చేతికి ఇవ్వండి. మన ఆడవాళ్ళు చేతులతో చేసినవి ఎన్నో పేరు లేకుండానే పోయాయి. మీ పని అలా పోకూడదు.